జపాన్‌లో పిల్లలే పుట్టట్లేదు కదా, మా చెల్లిని అక్కడే ఉండనిస్తారా?

మీరు రాసింది ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ చెల్లెలు జీఎన్ఎం (మూడేళ్ళ నర్సింగ్ కోర్సు) చేసి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో 14 వేల జీతానికి పనిచేస్తోంది. ఒక ఏజెంటు వచ్చి, జపాన్‌లో పిల్లలు పుట్టడం ఆగిపోయింది, అంతా ముసలివాళ్ళే, నర్సుల కోసం కాళ్ళు పట్టుకుంటున్నారు, ఒక్కసారి వెళ్తే వాళ్ళే వదలరు, రేపు పెళ్ళయ్యాక భర్తని కూడా తీసుకెళ్ళొచ్చు, నాలుగు లక్షలు కట్టండి అన్నాడు. జనాభా తగ్గుతున్న దేశం కాబట్టి ఉండనివ్వక ఏం చేస్తారు, ఇందులో రిస్క్ ఏముంది అని మీ ప్రశ్న.

కొరత నిజమే, పని కూడా దొరుకుతుంది. కానీ "వాళ్ళకి అవసరం కాబట్టి ఉంచుకుంటారు" అన్న ముక్క మాత్రం నమ్మకండి. జపాన్ ముప్పై ఐదేళ్ళుగా మనుషుల్ని తెచ్చుకుంటూనే ఉంది, తిరిగి పంపే ఏర్పాటు కూడా మొదటి రోజే కాగితం మీద రాసుకుంటూ ఉంది. ఉండిపోయే దారి ఒకటుంది, అది ఒక పరీక్ష గుండా పోతుంది, దాని సంగతి కింద రాస్తాను. జననాల లెక్క చూసి డబ్బు కట్టకండి, వీసా పేరు ఏమిటో అడిగి అప్పుడు ఆలోచించండి.

నా గురించి రెండు ముక్కలు. హైదరాబాద్‌లో జపనీస్ నేర్చుకుని 2007లో జపాన్‌లోని ఐచి వెళ్ళాను, నగోయా పక్కన కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో దుభాషిగా. తర్వాత విదేశీ ట్రైనీల బాగోగులు చూసే ఒక సంఘంలో (అక్కడ కుమియాయి అంటారు) ఎనిమిదేళ్ళు పైగా చేశాను. ఫ్యాక్టరీలు, ఉల్లి తోటలు, చేపల షెడ్లు, వృద్ధాశ్రమాలు, అన్నీ తిరిగాను. 2019లో వచ్చేసి ఇక్కడ కైగో (వృద్ధుల సంరక్షణ పని) బ్యాచ్‌లకి భాష చెప్తున్నాను. అంటే మీ చెల్లెలు వెళ్తే నాలాంటివాళ్ళకే లాభం, అది గుర్తుపెట్టుకునే చదవండి.

ముందు ఆ కొరత ఎంత లోతుగా ఉందో చూద్దాం, ఎందుకంటే ఏజెంటు సగం నిజం చెప్పాడు. జపాన్‌లో 1949లో దాదాపు 27 లక్షల మంది పిల్లలు పుట్టారు. 1973లో 20.9 లక్షలు. 2000లో 11.9 లక్షలు. 2024లో 6.86 లక్షలు. అదే ఏడాది చనిపోయినవాళ్ళు 16 లక్షలు. ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య (సంతాన రేటు) 1.15కి వచ్చింది. జనాభా 2008లో 12.8 కోట్లు దాటి అక్కడి నుంచి దిగుతోంది, ప్రతి పదిమందిలో ముగ్గురు 65 దాటినవాళ్ళు.

దీంట్లో ఒక పాత కథ కూడా ఉంది. 1966 జపాన్ పంచాంగంలో "నిప్పు గుర్రం" సంవత్సరం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగేస్తుందని వాళ్ళ నమ్మకం, మన దగ్గర మూలా నక్షత్రం అమ్మాయి అంటే మామగారికి గండం అంటారు చూడండి, ఆ బాపతు. దాంతో ఆ ఒక్క ఏడాది పిల్లల్ని కనడం మానుకున్నారు, సంతాన రేటు 1.58కి పడింది. 1989లో ఏ నమ్మకం లేకుండానే 1.57 అయ్యింది. అప్పుడు ప్రభుత్వానికి గుండె గుభేలుమంది. డే కేర్ సెంటర్లు, పిల్లల భత్యం, తండ్రులకి సెలవు, ఇలా ముప్పై ఏళ్ళు ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు. 2005లో 1.26 అయినది 2015లో 1.45 దాకా లేచి మళ్ళీ కూలింది.

ఎందుకు కూలింది అంటే అందరూ ఖర్చు అంటారు. అది ఉంది, కానీ అసలు సంగతి పెళ్ళిళ్ళ దగ్గర ఉంది. జపాన్‌లో పెళ్ళి కాకుండా పుట్టే పిల్లలు నూటికి ఇద్దరు, ఈ విషయంలో వాళ్ళు ఫ్రాన్స్‌లా కాదు, మనలాగే. కాబట్టి పెళ్ళి తగ్గితే పిల్లలు తగ్గుతారు, వేరే దారి లేదు. 1990ల్లో వాళ్ళ ఆర్థిక వ్యవస్థ బుడగ పేలాక డిగ్రీ చేసి బయటికొచ్చిన తరానికి పర్మినెంట్ ఉద్యోగాలు దొరకలేదు, కాంట్రాక్టు బతుకే. నేను చేసిన కంపెనీలో నలభై దాటిన కాంట్రాక్టు మగవాళ్ళు లైనులో ఆరుగురు ఉంటే ఒక్కడికి పెళ్ళయింది. ఆడవాళ్ళ వైపు చూస్తే పిల్లాడు పుట్టగానే ఉద్యోగం మానాలి, మానితే మళ్ళీ అదే స్థాయిలో చేరలేరు, ఇంటికి వస్తే వంటా బట్టలూ ఆమే. ఇన్ని చూసి "ఇప్పుడే ఎందుకులే" అనుకుంటారు, అలా అనుకుంటూనే ముప్పై ఎనిమిది వస్తుంది.

ఇంకో చిక్కు లెక్కలోనే ఉంది. ఇప్పుడు పెళ్ళీడుకొచ్చినవాళ్ళు 2000 ప్రాంతంలో పుట్టిన ఆ 11.9 లక్షల తరం. తల్లులే సగమైపోయాక ఒక్కొక్కరూ ఇద్దర్ని కన్నా పాత సంఖ్య రాదు. పోనీ అద్భుతం జరిగి ఈ ఏడాదే పిల్లలు ఎక్కువ పుట్టారనుకోండి, ఆ పిల్ల యూనిఫాం వేసుకుని వృద్ధాశ్రమంలో డ్యూటీ ఎక్కడానికి ఇరవై ఏళ్ళు. ముసలాయనకి అన్నం తినిపించాల్సింది ఈ సాయంత్రం.

కాబట్టి విదేశీయులు. 2024 అక్టోబరు నాటికి జపాన్‌లో పనిచేసే విదేశీయులు 23 లక్షలు, వియత్నాం వాళ్ళే ఎక్కువ, తర్వాత చైనా, ఫిలిప్పీన్స్. వృద్ధుల సంరక్షణ ఒక్కదానికే, 2022లో ఉన్నవాళ్ళు చాలక 2040 నాటికి ఇంకా 5.7 లక్షల మంది కావాలని వాళ్ళ ఆరోగ్య శాఖ లెక్క కట్టింది. ఇంతవరకూ మీ ఏజెంటుతో నాకు పేచీ లేదు.

ఇక్కడి నుంచే పేచీ. 1990లో చట్టం మార్చి బ్రెజిల్, పెరూల నుంచి జపాన్ మూలాలున్నవాళ్ళని రానిచ్చారు. తాతలు జపనీయులు కాబట్టి "మనవాళ్ళే" అన్నారు, కార్ల ఫ్యాక్టరీల్లో పెట్టారు. నేను వెళ్ళినప్పుడు అలాంటివాళ్ళతో నిండిన అపార్ట్‌మెంట్‌లోనే అద్దెకున్నాను. కింద ఫ్లోర్‌లో ఒక కుటుంబం, పదహారేళ్ళుగా ఉంటున్నారు, ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టారు, వాళ్ళకి పోర్చుగీసు కన్నా జపనీసే బాగా వచ్చు. 2008 చివర్లో అమెరికా బ్యాంకులు కూలి జపాన్‌లో కార్ల ఆర్డర్లు ఆగిపోయాయి. ముందు తీసేసింది వీళ్ళనే. 2009లో ప్రభుత్వం ఒక పథకం పెట్టింది: తిరిగి వెళ్ళిపోతే ఒక్కొక్కరికి 3 లక్షల యెన్‌లు, మీద ఆధారపడినవాళ్ళకి తలా 2 లక్షలు, తీసుకుంటే మళ్ళీ అదే వీసా మీద రాకూడదు. ఆ కుటుంబం తీసుకుని వెళ్ళిపోయింది. పిల్లలు పుట్టట్లేదని ప్రతి రాత్రీ టీవీలో చర్చలు పెట్టే దేశం, అక్కడే పుట్టి అక్కడి బడిలో చదువుతున్న ఇద్దరు పిల్లల్ని టికెట్ కొనిచ్చి పంపించింది. జపాన్ జననాల గ్రాఫ్ ఎవరైనా చూపిస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఇంటి ముందు పెట్టిన పాత సైకిళ్ళే.

జపాన్ వాళ్ళు చెడ్డవాళ్ళని చెప్పట్లేదు. జర్మనీ కూడా 1961లో తుర్కియే నుంచి పనివాళ్ళని రప్పించుకుని 1973లో తలుపు మూసింది, వాళ్ళని "అతిథి కార్మికులు" అన్నారు, అతిథి అంటే ఎప్పుడో వెళ్ళిపోవాలి కదా. జననాలు తగ్గితే దేశానికి కావాల్సింది చేతులు. ఆ చేతుల వెనకాల ఉండే మనిషి, మొగుడు, పిల్లలు, ముసలితనం ఎంతవరకూ ఒప్పుకోవాలన్నది ప్రతి దేశం విడిగా తేల్చుకుంటుంది, రాజకీయం మారితే మళ్ళీ తేల్చుకుంటుంది. 2025 జూలైలో జపాన్ ఎగువ సభ ఎన్నికల్లో "జపనీయులే ముందు" అన్న నినాదంతో సాన్‌సెయితో అనే చిన్న పార్టీ 14 సీట్లు గెలిచింది. కొరత అలాగే ఉంది, కోపం కూడా పెరిగింది. రెండూ ఒకే దేశంలో ఒకేసారి ఉంటాయి.

ఇప్పుడు వీసా పేర్లు. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, మీ నాలుగు లక్షలు ఇక్కడే ఉన్నాయి.

ఒకటి టెక్నికల్ ట్రైనీ (గినో జిష్షూ). 1993 నుంచి ఉంది. పేరుకి నైపుణ్యం నేర్పి మీ దేశానికి పంపిస్తాం అంటారు, చేయించేది పనే. పెద్ద లోపం ఏమిటంటే మామూలుగా యజమానిని మార్చుకోవడానికి వీల్లేదు. నచ్చకపోయినా, తిట్టినా, అక్కడే పడి ఉండాలి లేదా ఇంటికి రావాలి. అప్పు చేసి వచ్చినవాడు ఇంటికి రాలేడు, పారిపోతాడు. 2023లో అలా కనిపించకుండా పోయినవాళ్ళు 9,700 పైనే. నా ఎనిమిదేళ్ళలో సగం ఫోన్లు ఇవే, "మీ వాడు ఉదయం డ్యూటీకి రాలేదు, గది ఖాళీగా ఉంది" అని. ఈ పద్ధతి తీసేయాలని 2024లో చట్టం చేశారు, దాని స్థానంలో వచ్చేది (ఇకుసెయ్ షూరో) 2027 ఏప్రిల్ నుంచి అన్నారు, కొన్ని షరతులతో యజమానిని మార్చుకోనిస్తారట.

రెండోది ఎస్ఎస్‌డబ్ల్యూ (స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా), జపనీస్‌లో తోకుతెయ్ గినో, 2019 ఏప్రిల్‌లో మొదలైంది. మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం అయ్యింది. ఎక్కువగా మీ చెల్లెలికి చెప్తున్నది ఇదే అయ్యుంటుంది. దీనికి జపనీస్ భాష పరీక్ష (జేఎల్‌పీటీలో ఎన్4, లేదా జేఎఫ్‌టీ; జేఎల్‌పీటీలో ఎన్5 అన్నిటికంటే తేలిక, ఎన్1 అన్నిటికంటే కష్టం), పని పరీక్ష, కైగోకి ప్రత్యేకంగా ఇంకో భాష పరీక్ష పాసవ్వాలి. అదే రంగంలో వేరే యజమాని దగ్గరికి మారొచ్చు, అది నిజంగా మంచి విషయం. కానీ ఇందులో రెండు రకాలున్నాయి, మొదటి రకం వీసా మామూలుగా మొత్తం కలిపి ఐదేళ్ళు, భర్తని, పిల్లల్ని తీసుకెళ్ళడానికి లేదు. రెండో రకంలో కుటుంబానికి అనుమతి ఉంది, అయితే కైగో ఆ రెండో రకం జాబితాలో లేదు. ఏజెంట్లు "ఎస్ఎస్‌డబ్ల్యూలో ఫ్యామిలీ వీసా ఉంది" అంటారు చూడండి, వెల్డింగ్ వాడికి నిజమైనది మీ చెల్లెలికి నిజం కాదు.

ఆమెకి దారి మూడోది, నేరుగా కైగో అనే వీసా. అక్కడ మూడేళ్ళు పనిచేసి, 450 గంటల శిక్షణ పూర్తి చేసి, కైగో ఫుకుషిషి అనే జాతీయ పరీక్ష పాసైతే ఇది వస్తుంది. రెన్యువల్‌కి పరిమితి లేదు, కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. పరీక్ష ఏడాదికి ఒకసారి, జనవరిలో. మొత్తం జపనీస్‌లో. రాసినవాళ్ళందరినీ కలిపి చూస్తే ఈ మధ్య నూటికి 70 నుంచి 85 మంది పాసవుతున్నారు, విదేశీయుల్లో తక్కువ. ఐదేళ్ళ వీసాలో మొదటి మూడేళ్ళూ అనుభవానికే పోతాయి కాబట్టి పరీక్షకి మిగిలేవి ఒకటి రెండు అవకాశాలే. 2021లో నా దగ్గర చదివి వెళ్ళినవాళ్ళలో ముగ్గురు రాశారు, ఒక్కమ్మాయే పాసైంది, నల్గొండ వైపు అమ్మాయి. ఆమె తెలివైంది అని కాదు, మిగతా ఇద్దరూ సెలవు రోజు పార్ట్‌నర్‌తో వీడియో కాల్‌లో ఉంటే ఈమె ఆశ్రమంలో డెబ్భై ఎనిమిదేళ్ళ ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గర కూర్చుని కంజీ (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) రాయించుకునేది. ఇక పర్మినెంట్ రెసిడెన్సీ మాటంటారా, మామూలుగా పదేళ్ళు ఉండాలి, అందులో ఐదేళ్ళు పని వీసా మీద, ఆ ఐదేళ్ళలో ట్రైనీగా, మొదటి రకం ఎస్ఎస్‌డబ్ల్యూగా ఉన్న కాలం లెక్కలోకి రాదు. ఎవరూ చెప్పని చిన్న అక్షరాలు ఇవే.

ఇంకో మాట సూటిగా. మీ చెల్లెలు అక్కడ నర్సు కాదు. జపాన్‌లో నర్సుగా చేయాలంటే వాళ్ళ నర్సింగ్ జాతీయ పరీక్ష పాసవ్వాలి, దానికి ఎన్1 స్థాయి భాష కావాలి. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, వియత్నాంలకి ప్రత్యేక ఒప్పందాలున్నాయి, మనకి ఆ దారి లేదు. ఆమె వెళ్ళేది కైగో పనికి: స్నానం చేయించడం, డైపర్ మార్చడం, తినిపించడం, మంచం మీంచి కుర్చీలోకి ఎత్తడం. ఇంజెక్షన్ ముట్టుకోనివ్వరు. ఈ పనిని నేను తక్కువ చేయను, ఎంతో ఓపికున్న పని. కానీ మూడేళ్ళు నర్సింగ్ చదివిన పిల్లకి మొదటి వారం మగ ముసలాయనకి స్నానం చేయించమంటే ఏడుస్తూ నాకు ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు, ముందే చెప్పి ఉంటే ఏడ్చేవాళ్ళు కాదు. నైట్ డ్యూటీ చాలా చోట్ల సాయంత్రం ఐదింటి నుంచి మర్నాడు తొమ్మిది దాకా, నెలకి నాలుగైదు. పైగా ముసలివాళ్ళు పుస్తకంలో జపనీస్ మాట్లాడరు, వాళ్ళ యాస వాళ్ళది, శ్రీకాకుళం బామ్మతో ఢిల్లీలో తెలుగు నేర్చుకున్నవాడు మాట్లాడినట్టుంటుంది.

ఇదొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను, ఆడపిల్ల విషయం కాబట్టి రాస్తున్నాను. 2020లో కుమమోతోలో కమలా తోటలో చేసే ఒక వియత్నాం ట్రైనీ, గర్భం సంగతి తెలిస్తే వెనక్కి పంపేస్తారని దాచింది, గదిలో ఒంటరిగా చనిపోయిన కవలల్ని కన్నది. ఆమె మీద శవాలను వదిలేసిందని కేసు పెట్టారు, కింది కోర్టుల్లో శిక్ష పడింది, 2023 మార్చిలో సుప్రీంకోర్టు నిర్దోషి అంది. చట్టం ప్రకారం గర్భవతి అయిందని విదేశీ కార్మికురాలిని కూడా తీసేయకూడదు. అయినా ఆ భయం ఎక్కడిది? నేను తిరిగిన చోట్ల సగం మంది అమ్మాయిలకి ఈ చట్టం సంగతి తెలియదు, బయల్దేరేముందు వాళ్ళ ఊరి ఏజెంట్లే "ప్రేమ, కడుపు అంటే తిరుగు టపా" అని బెదిరించి పంపేవాళ్ళు. మీ చెల్లెలికి మాత్రం ముందే తెలియనివ్వండి.

డబ్బు సంగతి. నా దగ్గర నుంచి వెళ్ళినవాళ్ళ పే స్లిప్పులు చూసి చెప్తున్నాను, నెలకి 1.9 నుంచి 2.2 లక్షల యెన్‌లు రాస్తారు, పెన్షన్, ఆరోగ్య బీమా, పన్ను, గది అద్దె పోగా చేతికి 1.4, 1.5 లక్షలు. తిండి ఫోను పోగా పొదుపరి అయితే 80 వేల యెన్‌లు ఇంటికి పంపగలదు, ఇప్పటి రేటుకి సుమారు 45 వేల రూపాయలు. 14 వేలతో పోలిస్తే ఎక్కువే. నేనున్నప్పుడు యెన్ ఇప్పటికంటే గట్టిగా ఉండేది. జపాన్ వదిలి వచ్చేటప్పుడు కట్టిన పెన్షన్‌లో కొంత తిరిగి అడగొచ్చు, వచ్చిన రెండేళ్ళలోపు దరఖాస్తు పెట్టుకోవాలి, చాలామంది మర్చిపోతారు.

ఏజెంటు నాలుగు లక్షలకి వద్దాం. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు సర్వీసు ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. భాష ట్రైనింగ్, పరీక్ష ఫీజులు, టికెట్ వేరే, వాటికి విడివిడిగా రసీదు ఇవ్వాలి. అతని పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూడండి, లేకపోతే మాట్లాడటం ఆపేయండి. తెలంగాణ ప్రభుత్వానిదే విదేశీ ఉద్యోగాలకి పంపే సంస్థ టామ్‌కామ్ ఉంది, నర్సులని జపాన్, జర్మనీలకి పంపుతోంది, ముందు అక్కడ అడగండి. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ చరిత్ర మీకు నేను చెప్పాలా, అప్పు చేసి వెళ్ళినవాడు ఎలాంటి పనైనా వద్దనలేడు. జపాన్‌లోనూ అంతే.

నర్సుగానే బతకాలని ఆమెకి ఉంటే జర్మనీ గట్టిగా చూడండి. అక్కడా సంతాన రేటు 1.35 ప్రాంతంలో ఉంది, నర్సుల కొరత ఉంది. బి2 భాష, మన డిగ్రీకి అక్కడి గుర్తింపు, రెండూ పూర్తయితే నర్సుగానే చేస్తుంది, కుటుంబాన్ని తీసుకెళ్ళే దారి కూడా ఉంది. చలి, జర్మన్ వ్యాకరణం, ఆ గుర్తింపు కాగితాలకి పట్టే నెలలు, ఇవి కష్టాలు. దక్షిణ కొరియాలో 2023లో రేటు 0.72, ప్రపంచంలోనే అతి తక్కువల్లో ఒకటి, కానీ అక్కడి ఫ్యాక్టరీ పర్మిట్ పద్ధతిలో భారతదేశం లేదు, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక ఉన్నాయి. "కొరియా ఫ్యాక్టరీ వీసా" అని మన ఊళ్ళో ఎవరైనా అమ్ముతుంటే అర్థం చేసుకోండి. పుట్టుకలు ఎంత తగ్గితే తలుపు అంత తెరుచుకుంటుందన్న లెక్క ఇక్కడే తప్పిపోతుంది.

మీరు చివర్లో "మనకి ఆ సమస్య లేదు కదా" అన్నారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతాన రేటు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. రెండు కంటే తక్కువే. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో తీసేసింది, ముఖ్యమంత్రి చంద్రబాబు ఎక్కువ మందిని కనమంటున్నారు. మీ కరీంనగర్ వైపే వరి నాట్లకి బిహార్, బెంగాల్ నుంచి గుంపులు దిగుతున్నాయి, రైస్ మిల్లుల్లో హమాలీలు బిహార్ వాళ్ళే. 2020 లాక్‌డౌన్‌లో మొదటి వలస కార్మికుల రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకి. వారం తిరిగేసరికి బిహార్ నుంచి మిల్లు హమాలీలు రైల్లో తిరిగి తెలంగాణ వచ్చారు. వాళ్ళకి రేషన్ కార్డు, పిల్లలకి బడి, గది అద్దె విషయంలో మనం ఎలా ఉన్నామో చూస్తే ఐచిలో బ్రెజిల్ వాళ్ళ సంగతి నాకు ఇంకా బాగా అర్థమైంది.

సరే, ఇప్పుడు చేయాల్సింది. డబ్బు ఇంకా కట్టలేదంటున్నారు కాబట్టి ముందు ఏజెంటుని మూడు అడగండి: వీసా పేరు జపనీస్‌లో ఏమిటి, పనిచేసే ఆశ్రమం పేరు ఊరు ఏమిటి, జీతంలో కోతలు పోగా చేతికి ఎంత అని కాగితం మీద రాసిస్తారా. ఈలోగా ఆమెని ఎన్5 పుస్తకం కొని రెండు నెలలు చదవమనండి, మహా అయితే వెయ్యి రూపాయల ఖర్చు, ఆ లిపి చూసి ఆమెకి ఉత్సాహం వస్తుందో తలనొప్పి వస్తుందో ఇంట్లోనే తేలిపోతుంది. కాంట్రాక్టు కాపీ ఇస్తే పేర్లు, నంబర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి, జపనీస్ వైపు ఏం రాశారో ఇంగ్లిష్ వైపు ఏం రాశారో పోల్చి చెప్తాను. రెండూ ఒకటే ఉండవు చాలాసార్లు.